అన్నకో ముఖం

మొన్న సెలవులకు మా మనవరాలు పుణె నుంచి వచ్చింది. ఇళ్లకు నమూనాలు గీసే చదువులో ఈ ఏడే చేరింది. నేను చదివిన చదువే. నా కొడుకులెవరికీ పట్టని ఆ పిచ్చి ఒక తరం దాటి దీనికి పట్టిందని నేను లోలోపల మురిసిపోతూ, ఏ పెన్సిళ్లు వాడుతున్నావు, చెయ్యి తిరుగుతున్నదా అని అడిగాను. అది నవ్వి, ఒళ్లో కంప్యూటర్ తెరిచి, వేలితో అటొకసారి ఇటొకసారి జరిపి, ఒక మూడంతస్తుల ఇంటిని గిరగిరా తిప్పి చూపించింది. ఇంటి ముందు చెట్లున్నాయి, మెట్ల మీద మనుషులున్నారు, ఒకామె చంకలో బిడ్డ కూడా ఉంది. ఆ మనుషులను నువ్వే గీశావా అంటే, "లేదు తాతా, మనుషులు అందులనే ఉంటరు. కావల్సినోళ్లను తెచ్చి నిలబెట్టుకునుడే. ఇప్పుడు గీసుడు రాకున్నా నడుస్తది" అంది.

ఆ మాట అది మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. గీయడం రాకపోతే పరీక్షలో మార్కులు పోతాయని అందరూ అనుకుంటారు. అవి పోతే పోనీండి, ఒకసారి కాకపోతే ఇంకోసారి వస్తాయి. ఎన్నిసార్లు కూర్చున్నా రానిది ఒకటుంది. దాన్ని గురించి ఇన్నేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అడిగినవాళ్లు లేరు, అడగనిదే చెబితే ముసలాయన మళ్లీ మొదలుపెట్టాడంటారు. నా ఈడువాళ్లెవరైనా చదివితే తలాడిస్తారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

మా తాతలు కరీంనగర్ వైపు నుంచి మగ్గం సామాను బండి మీద వేసుకుని షోలాపూరు చేరారట. నాకు తెలివి వచ్చేనాటికి, ఇప్పుడు అశోక్ చౌక్ అంటున్న వైపు, నేతగాళ్ల వాడలో మాకు రెండు గదుల ఇల్లుండేది. రెండు గదులని పేరేగానీ ముందు గదంతా గుంట మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, నేల మట్టాన కూర్చుని నేసే మగ్గమది. మా తిండీ నిద్రా జ్వరాలూ పండుగలూ అన్నీ దాని చుట్టూ ఒదిగి ఒదిగి జరిగిపోయేవి. పొద్దున్నే సందు పొడుగునా మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగులు చాపి గంజి పెట్టేవాళ్లు. పాలు పోసే మరాఠీ ఆయన సైతం సందు మొదట్లో నిలబడి, పడుగు ఎత్తేదాకా ఓపిక పట్టి లోపలికి వచ్చేవాడు గానీ నూలు మీద కాలు పెట్టేవాడు కాదు. ఇక మగ్గాలు మొదలైతే వాడంతా ఒకటే చప్పుడు. మా వాడలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు వినపడదు, అది ఆగినప్పుడే వినపడుతుంది. మధ్యాహ్నం అన్నాలవేళ అన్నీ ఒక్కసారిగా ఆగేవి. ఆ కాసేపూ మా ఇల్లు మా ఇల్లులా ఉండేది కాదు.

నాయన పోయేనాటికి అన్నకు ఇంకా మీసం రాలేదు. బడి మానేసి నాయన కూర్చున్న గుంటలోకే దిగాడు. మా వైపు అమ్మను అవ్వ అంటాం. అవ్వ ఆ దుఃఖంలో మాటలు మానేసింది. వండేది, పెట్టేది, రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది, అంతే, నోరు మాత్రం విప్పేది కాదు. ఒకనాడు అన్న నేత ఆపి, పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ఒకటి తెచ్చుకుని, మగ్గం పక్కన కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద ఏదో గీస్తూ కూర్చున్నాడు. నీళ్ల బిందెతో లోపలికి వచ్చిన అవ్వ గోడ చూసి బిందె దించేసింది. గోడ మీద మా నాయన ఉన్నాడు. వాకిట్లో నిలబడి ఎవరినో పిలవబోతున్నట్టు, పెదవులు కొంచెం విడివడి, అచ్చం ఆయనే. అవ్వ చాలాసేపు చూసి, అన్నతో ఇక లేచి అన్నం తినమంది. నాయన పోయాక ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

అటు తర్వాత, కండెలు అయిపోయి చేయి ఖాళీగా ఉన్నప్పుడల్లా అన్న ఆ గోడ నింపుతూ పోయాడు. అవ్వను గీశాడు, నన్ను గీశాడు, ఎప్పుడూ ముక్కు మీద కోపంతో తిరిగే మా మేనమామను ఆ కోపంతో సహా గీశాడు. దసరాకు ఇల్లంతా సున్నం కొట్టినా ఆ గోడ జోలికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. చూడవచ్చినవాళ్లు నీ ముఖమేదీ అంటే మాత్రం నవ్వేసి, "నా మొకం నాకేడ కనవడ్తది? అది మీరే చూస్కోన్రి" అనేవాడు. అద్దం ముందు పెట్టుకుని గీసుకోవచ్చునని ఎవరికీ తోచలేదు. నిజానికి మా ఇంట్లో అద్దం అరచేతిలో సగం ఉండేది.

ఆ చేతిని చూసిన ఎవరికైనా బొంబాయి ఎవరు పోవాలో తెలిసిపోవాలి. కానీ మగ్గానికి అన్న కావాలి, బడిలో లెక్కలు నాకు వచ్చేవి. హైస్కూల్లో మాస్టారొకాయన, కట్టడాలు గీసే చదువు బొంబాయిలో ఉందని, లెక్కలు వచ్చినవాడు నెగ్గుకొస్తాడని చెప్పి నన్ను ఎగదోశాడు. కులపెద్దలు తలాకాస్త సాయం పట్టారు. చిత్రమేమిటంటే, నేను చదవబోయేది బొమ్మల చదువని మా వాడంతా నమ్మింది. ఇల్లు కట్టడానికి మేస్త్రి చాలడా, దానికి చదువెందుకు అని మామకు అనుమానం. కాబట్టి అక్కడ నేర్పేది దేవుళ్ల పటాలు గీయడమే అయి ఉంటుందని ఆయనే తేల్చాడు, అందరూ సరేనన్నారు. నేతగాళ్ల ఇళ్లలో గీత అంటే ముగ్గు, గీత అంటే చీర అంచు, గీత అంటే ముఖం. గోడనూ గుమ్మాన్నీ గీసుకుంటూ నాలుగైదేళ్లు చదివేవాడుంటాడని వాళ్లు ఊహించలేకపోయారు. ఆ చదువేమిటో అన్న ఒక్కడికే తెలుసు. అతనికి తానే పోవాలన్న ఆశ లేదని నేను అనను. స్టేషన్‌లో నా ట్రంకుపెట్టె ఎత్తి లోపల పెట్టి, బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నవ్వుతూ నిలబడ్డాడు.

బొంబాయిలో మా దూరపు చుట్టం ఒకాయన మిల్లులో పనిచేస్తూ, కూలీలుండే వరుసగదుల చాల్‌లో ఉండేవాడు. ఆ గదిలో ఒక మూల నాకిచ్చారు. కాలేజీలో మొదటి నెలలోనే నా బండారం బయటపడింది. ఇనుప స్కేలు పెట్టి గీసేదైతే ఫరవాలేదు. స్కేలు తీసేసి చేత్తో చెట్టు గీయమంటే అది చీపురయ్యేది, మనిషిని గీయమంటే గంజిలో ముంచి ఎండబెట్టిన పంచె అయ్యేది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, నాకు కోతి కూడా అయ్యేది కాదు. మొదట్లో పెన్సిల్ మంచిది కాదన్నాను, తర్వాత కాగితం మంచిది కాదన్నాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. డ్రాయింగు చెప్పే ఆయన నా బల్ల దగ్గర ఆగి, ఇంత భయపడే చెయ్యి తన సర్వీసులో చూడలేదని అందరికీ వినపడేలా అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. తెల్లకాగితం చూస్తే నాకు నిజంగానే చెమటలు పట్టేవి.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి అన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అన్న నా కాగితాలు పరుచుకుని చూశాడు. నవ్వలేదు. దూరం పోయేకొద్దీ సన్నబడే సందును గీయడం నాకు ఎంతకీ కుదరడం లేదని గమనించి, గోడకు ఒక మేకు కొట్టి, ఆ మేకు నుంచి నూలుపోగులు లాగి బల్ల అంచుకు బిగించి, ఆ పోగుల దారిన గీతలు రానివ్వమన్నాడు. "నీ చెయ్యి గీతను జూసి భయపడ్తది గని పోగును జూసి భయపడదు. పుట్టినకాంచి పోగులల్లనే ఉన్నవు" అన్నాడు. నిజమే, పోగు వదులుగా ఉందో బిగిసిందో కళ్లు మూసుకుని చెప్పగల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ పద్ధతి పట్టుకుని కట్టడాల గీతల్లో ఒడ్డున పడ్డాను. మా క్లాసులో పిన్నులూ దారాలూ జేబులో పెట్టుకుని తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు దర్జీ అని పేరు కూడా పెట్టారు. కానీ మనుషుల ముఖాలకు పోగులు బిగించడం ఎట్లాగో అన్న చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. శ్రావణం ఇంకా రాలేదు, వానలు పట్టుకున్నాయి. అన్నకు జ్వరం వచ్చిందన్న కార్డు, అన్న పోయాడన్న కార్డు నాకు ఒక్కరోజే అందాయి. నేను బండి దిగి వాడలోకి వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఇల్లు తెల్లగా మెరుస్తున్నది. మైల విడవాలంటే ఇల్లంతా సున్నం పడాలి, ఒక్క గోడ మిగిల్చినా మైల మిగిలినట్టేనని మా వాళ్ల పట్టింపు. అవ్వ స్పృహలో లేదు, చుట్టాలు తలా ఒక కుంచె పట్టుకున్నారు, మామ దగ్గరుండి చేయించాడు. మగ్గం పక్క గోడ వద్దని అనడానికి అక్కడ అన్న లేడు. నాయన, అవ్వ, నేను, మామ, అందరం ఒక్క పూటలో పోయాం. అట్లా చేసినందుకు నేను వాళ్లను అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అనను. ఇల్లు శుభ్రం చేశామనే అనుకున్నారు.

ముసురు తగ్గలేదు. నేను వచ్చిన రెండోనాడో మూడోనాడో, పైకప్పు నుంచి చెమ్మ దిగి ఆ గోడ తడిసింది. అవ్వ కేక వేస్తే వెళ్లి చూశాను. తడిసిన మేరకు సున్నంలోంచి నాయన కళ్లు కనపడుతున్నాయి. తర్వాత ముక్కు, విడివడిన పెదవులు. పక్కన నా ముఖం సగం. పలచగా కొట్టిన సున్నం తడిస్తే అద్దంలాగా లోపలిది చూపిస్తుంది, ఆరితే మళ్లీ తెల్లబడుతుంది. అది నేను పుస్తకంలో చదివినదే, అవ్వకు చెప్పాను కూడా. అవ్వ విన్నది, తలూపింది, మర్నాడు గోడ ఆరిపోగానే చెంబుతో నీళ్లు తెచ్చి చల్లింది. నీళ్లు పడ్డచోటల్లా మనుషులు వచ్చేవాళ్లు, కాసేపు మమ్మల్ని చూసేవాళ్లు, పోయేవాళ్లు. అవ్వ గోడ ఈ చివర నుంచి ఆ చివరకు, కింద నుంచి చేయందినంత మేరకు చల్లి చల్లి వెతికింది. అన్న ఎక్కడా లేడు. తనను గీసుకోలేదని మాకందరికీ తెలుసు. తెలిసీ ఆమె వెతికింది, నేనూ పక్కన నిలబడి వెతికాను.

మీకు నవ్వు రావచ్చు, ఒక్క ఫోటో అయినా లేదా అని. మా వాడలో ఫోటో అంటే పెళ్లికే, అదీ కలిగినవాళ్లకు. అన్న పెళ్లికి తీయిద్దామనుకున్నారు. అవ్వ ఆ గోడ ముందు కూర్చుని, చెంబు పక్కన పెట్టి, నా వైపు తిరిగింది. "పెండ్లాం పిల్లలుంటే వాండ్ల మొకాలల్ల జూసుకుందును. ఏం లేకపాయె. నువ్వు బొంబాయిల గదే సదువు సదువుతున్నవు గద బిడ్డా. వాని మొకం ఒక్కటి గీసియ్యి. పెత్రామాసకు వాని ముంగట ఇస్తారి పెట్టాలె" అంది. పెత్రామాస అంటే పోయినవాళ్లకు విస్తరిలో అన్నం పెట్టే భాద్రపద అమావాస్య. నాయన పోయినప్పుడు పెద్దకొడుకు బడికి సరిగా పోకుండానే ఆయన ముఖం తెచ్చిచ్చాడు. బొంబాయిలో చదువుతున్న చిన్నకొడుకు అన్న ముఖం తెచ్చివ్వలేడని ఆమెకు కలలో కూడా తోచదు. నాకు రాదని చెప్పాలనుకున్నాను. ఆమె ముఖం చూశాక లేచి ట్రంకుపెట్టెలోంచి కాగితాలు తీశాను.

అప్పుడు నాకు అన్న ముఖం బాగా గుర్తుంది. ఈ సంగతి మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. కళ్లు మూస్తే చాలు, ఎదురుగా వచ్చేవాడు. ఎడమ కనుబొమ దగ్గర చిన్న మచ్చ, నవ్వబోయే ముందు దవడ బిగించడం, ఒత్తుగా నుదుటి మీద పడే జుట్టు, అన్నీ కనపడేవి. కళ్లు తెరిచి కాగితం మీద పెన్సిల్ పెట్టగానే గీతలు మిగిలి ముఖం పోయేది. గుమ్మం దగ్గర వెలుతురులో బల్ల వేసుకుని రోజూ కూర్చున్నాను. ఒకటి గీస్తే మేనమామలా వచ్చింది. ఒకటి ఎవరిలానూ రాలేదు. అవ్వ ప్రతిదాన్నీ రెండు చేతుల్లో పట్టుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి, ఇది వాడు కాదని మెల్లగా చెప్పి తిరిగి ఇచ్చేది. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఇంకొకటి బాగా కుదిరిందనుకుని పరుగెత్తుకెళ్లి చూపిస్తే, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది మా నాయన ముఖమట.

అంతలో ఇంకొక బాధ మొదలైంది. అన్నాలవేళ వాడంతా సద్దుమణిగినప్పుడు, మా ముందుగదిలో, పడుగులో అటూ ఇటూ పోగు తీసుకుపోయే నాడె కొట్టుకుంటున్న చప్పుడు అవ్వకు వినపడేది. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది, గుంటలోకి ఎవరం దిగలేదు. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ, ఆ ఇంటివాళ్లు ఆలస్యంగా తింటారు, చప్పుడు గోడలోంచి వస్తున్నదని నేను నా చదువంతా ఉపయోగించి వివరించాను. అవ్వ ఓపికగా విని, "పక్కింటోళ్ల దెబ్బ నాకు తెల్వదా? వాని దెబ్బ వేరే" అంది. నేతగాడి దెబ్బ నేతగాడిదే, మనిషి నడకను బట్టి పోల్చుకున్నట్టు పోల్చుకోవచ్చు. నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే. అటుపిమ్మట ఆ వేళకు ఏదో పని కల్పించుకుని బయటికి పోవడం మొదలుపెట్టాను.

ఒకనాడు బల్ల మీద వంగి గీసిందే గీస్తుంటే, రాట్నం ముందున్న అవ్వ ఒక్కసారిగా చెయ్యి ఆపి, "కదలకు" అంది. గొంతు మారిపోయింది. పక్కనుంచి వెలుతురు పడుతున్నది, తల ఒక పక్కకు వాలి ఉంది, జుట్టు నుదుటి మీద పడింది. నేను కదలకుండా ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. ఆమె చూసుకుంది. తర్వాత లేచి గబగబా లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆమె చూసింది ఎవరినో నాకు అర్థమైంది. సాయంత్రం నేనే అన్నాను, నన్నే ఫోటో తీయించి అన్న పటమని పెట్టుకో, నాకు గీయడం రాదు, ఎన్నటికీ రాదు అని. అవ్వ అరచేత్తో నా నోరు మూసింది. బతికున్నవాడి పటం పోయినవాడి చోట పెడితే పోయినవాడు వచ్చి చెయ్యి పట్టుకుంటాడని, ఆ మాట మళ్లీ అంటే తన ఇంట్లోకి రానియ్యనని మామ కూడా గట్టిగా చెప్పాడు. ఒక కొడుకు ముఖం కోసం రెండో కొడుకును ఒడ్డడం ఏ తల్లికైనా కుదిరే పనేనా? నేను మళ్లీ బల్ల ముందు కూర్చున్నాను.

వానలు తగ్గుముఖం పట్టాయి. గోడ తొందరగా ఆరిపోతున్నది. అవ్వ నీళ్లు చల్లడం ఆగక, చాలనప్పుడు తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. వద్దని చెప్పాను, సున్నంతో పాటు బొగ్గూ లేస్తుందని చెప్పాను. ఒకనాడు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆమె గోడ ముందు చతికిలబడి ఉంది, చేతిలో గుడ్డ నల్లగా ఉంది. నాయన ఉన్నచోట మసిమరక మాత్రం ఉంది. నేనూ లేను, ఆమే లేదు. అవ్వ ఏడవలేదు. గుడ్డ వంక చూసుకుంటూ, "ఇగ ఈ ఇంట్ల ఎవ్వల మొకం లేదు" అంది. తర్వాత, కొంతం చౌక్ అవతల ఫోటోలు తీసే ఆయన మధ్యాహ్నం ఉంటాడా అని అడిగింది.

అవ్వ నా తలకు నూనె రాసి, పాపట తీసి, జుట్టు నుదుటి మీదికి లాగి, పెట్టెలోంచి అన్న చొక్కా తీసి తొడిగింది. చొక్కా నాకు సరిపోయింది. అది సరిపోకుండా ఉంటే బాగుండునని అప్పుడనిపించింది. పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి, బొగ్గు అంటిన వేలితో ఎడమ కనుబొమ పక్కన చిన్న చుక్క పెట్టింది. ఫోటో ఆయన మరాఠీవాడు, ఏం సంగతని అడిగితే, పెద్దకొడుకు ఫోటో తీయాలని అవ్వ చెప్పింది. వెనక గుడ్డ మీద రాజభవనం మెట్లూ స్తంభాలూ గీసి ఉన్నాయి. ఆ మెట్లు ఒకవైపూ స్తంభాలు ఇంకోవైపూ పోతున్నాయి, ఆ స్థితిలోనూ అది నా కంటపడింది. అవ్వ ఆ గుడ్డ తీసేయించి దాని చోట తెల్లపంచె కట్టించింది. మా ఇంటి గోడ తెల్లగా ఉంటుంది కదా. తర్వాత కెమెరా పక్కన నిలబడి నన్ను దిద్దసాగింది. తల జరా పక్కకు, అంత కాదు, దవడ బిగించు, కళ్లు దించు. చేతకాక నేను అలసిపోయాను, ఆయన నల్లగుడ్డలోంచి విసుక్కుంటున్నాడు. అప్పుడు అవ్వ చాలా మెల్లగా, అన్నాలకు పిలిచినట్టు, "పెద్దోడా" అంది.

నేను తలెత్తి చూశాను. ఫోటో పడింది.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ పిలుపుకు తలెత్తింది నేనేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే. ఫ్రేము కట్టించి తెచ్చినప్పుడు మామ రెండు రోజులు మా గుమ్మం తొక్కలేదు. మూడో రోజు వచ్చి, పటం ముందు నిలబడి, తలపాగా తీసి కన్నీళ్లు తుడుచుకున్నాడు. ఇరుగుపొరుగు వచ్చి పెద్దోడే, బరాబర్ పెద్దోడే అన్నారు. ఇక దండ దగ్గర చిక్కొచ్చింది. పూలదండ వేస్తే బతికున్న కొడుక్కు వేసినట్టు, వేయకపోతే పోయిన కొడుకుకు మర్యాద లేదు. అవ్వ ఆలోచించి ఆలోచించి, శ్రావణంలో నూలు పున్నమినాడు మా వాళ్లు మార్కండేయస్వామికి వేసేలాంటి నూలుదండ తన చేత్తో చుట్టి వేసింది. నూలుదండ దేవుడికీ వేస్తారు, ఇంటికొచ్చిన పెద్దమనిషికీ వేస్తారు. దానికి చావు అంటదు. పెత్రామాసనాడు నా ముఖం ముందు ఇస్తారి పెట్టి, నా ముఖానికి దండం పెట్టింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నాడె చప్పుడు వినపడుతున్నదని ఆమె మళ్లీ ఎన్నడూ అనలేదు.

నేను తిరిగి బొంబాయి వెళ్లి ఎట్లాగో ఆ చదువు గట్టెక్కాను. షోలాపూర్‌లోనే స్థిరపడి, షెడ్లూ ఇళ్లూ ఎన్నో గీశాను. నా కాగితాల్లో మనుషులు అవసరమైనప్పుడు కుర్రవాళ్లెవరితోనో వేయించేవాణ్ణి. ఆ మనుషుల ముఖాలు ఖాళీగా వదిలేయమని చెబితే, అదొక శైలి అనుకున్నారు. అవ్వకు చూపు తగ్గాక, ఆ పటం ముందు నిలబడి నా మీద చాడీలు చెప్పేది. తమ్ముడు వేళకు తినడం లేదని, కోడలిని కసురుతున్నాడని, నువ్వన్నా చెప్పరాదా అని. పటంలోంచి నేను వినేవాణ్ణి, పక్కగదిలోంచీ నేనే వినేవాణ్ణి. కడపటి రోజుల్లో నన్ను కూడా పెద్దోడా అని పిలిచేది. పలికేవాణ్ణి. ఇంటికి పెద్దవాణ్ణయ్యాను కాబట్టి అట్లా పిలుస్తున్నదని పిల్లలు అనుకున్నారు. ఆమె పోయాక వాళ్లకు ఆ పటం పెద్దతాత పటం, అంతే. ఎదిగే వయసులో నా మనవడొకడు, పెద్దతాతకు నీ పోలిక వచ్చింది తాతా అన్నాడు.

ఇప్పుడు వాడలో గుంట మగ్గాలు లేవు, గుంటలు పూడ్చి గచ్చు చేసుకున్నారు. పవర్‌లూములు కొన్ని ఆడుతున్నాయి. వాటి దెబ్బలో మనిషి లేడు, అన్నిటి దెబ్బా ఒకటే. ఫోటోలకు లోటు లేదు. పుట్టిన బిడ్డకు కళ్లు తెరవకముందే ఫోటో ఉంటుంది. పోయిన మనిషి ముఖం కోసం ఇక ఏ తల్లీ గోడ కడగనక్కరలేదు. మంచిదే, ఆ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. నా బాధ వేరే. గీయడం రాని రోజుల్లో అన్న ముఖం నాకు తెలుసునని చెప్పాను కదా, కళ్లు మూస్తే వచ్చేవాడని. ఆ పటం గోడ ఎక్కిన కొన్నాళ్లకు, కళ్లు మూస్తే పటంలోవాడు రావడం మొదలైంది. మచ్చ గుర్తు చేసుకుంటే అవ్వ పెట్టిన బొగ్గు చుక్క గుర్తొచ్చేది. దవడ గుర్తు చేసుకుంటే నేను బిగించిన దవడ. ఎన్ని విధాల తోసినా ఆ పటంలోవాడు పక్కకు జరగలేదు. అవ్వకు ఒక ముఖం కావాలంటే ఇచ్చాను, అందుకు విచారం లేదు. కానీ అన్నను చూసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది నేనొక్కణ్ణే, ఆ నాకు అన్న ముఖం ఎట్లుండేదో తెలియదు.